మూడొందల వైరస్‌లు ఉన్నాయంటోంది, తీసెయ్యమంటారా?

ప్రశ్న: మాది రాజాం. బస్టాండుకి దగ్గర్లో చిన్న ఇంటర్నెట్ సెంటరు నడుపుతున్నాను. జెరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు, హాల్ టికెట్లు, పాన్ కార్డులు, పాస్‌పోర్టు ఫొటోలు, ఇవే మా పని. నెల రోజులుగా కంప్యూటర్‌లో కుడివైపు కింద మూలన ‘మీ సిస్టమ్‌కు వైరస్ సోకింది’ అంటూ ఒక పేరున్న యాంటీవైరస్ బొమ్మతో చిన్న చిన్న పెట్టెలు వస్తున్నాయి. మూసేస్తే మళ్లీ వస్తున్నాయి. పదిహేను రోజుల కిందట నేను భోజనానికి ఇంటికి వెళ్తే మా మరిది సెంటర్లో కూర్చున్నాడు. తెర మొత్తం ఎర్రగా అయిపోయి సైరన్ మోగిందట. కంప్యూటర్ ఆపొద్దు, ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి అని వచ్చిందట. కంగారుపడి చేశాడు. అవతలివాళ్లు హిందీలో మాట్లాడి, దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ అనే ప్రోగ్రామ్ వేయించి, గంటసేపు ఏవేవో చూపించి, తన డెబిట్ కార్డు మీద 4,999 రూపాయలు కట్టించుకుని ఒక యాంటీవైరస్ వేశారు. ఇప్పుడు కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ అది తనంతట తానే స్కాన్ చేసి మూడొందల పైచిలుకు వైరస్‌లు ఉన్నాయని, అన్నీ పోవాలంటే 11,999 కట్టి లైఫ్‌టైమ్ ప్లాన్ తీసుకోమని అడుగుతోంది. తీసేస్తే డేటా అంతా పోతుందని వాళ్లు చెప్పారట. మా ఆయన రోజూ తమ్ముణ్ణి తిడుతున్నారు. ఆ డబ్బు కట్టాలా, దాన్ని తీసెయ్యాలా? తీస్తే ఎలా తియ్యాలి?
– ఒక పాఠకురాలు, రాజాం

సమాధానం: అమ్మా, కట్టొద్దు. తీసెయ్యండి. మీ ఫైళ్లకీ దానికీ ఏ సంబంధమూ లేదు, అది పోయినంత మాత్రాన డేటా పోదు. ఆ మాట చెప్పింది మీరు దాన్ని తియ్యకుండా ఉండడానికే.

మీరు కంప్యూటర్ గురించే అడిగారు. నేను మాత్రం ముందు కార్డు గురించి అడుగుతాను. మీ మరిది డెబిట్ కార్డు ఇంకా పనిచేస్తోందా? పనిచేస్తుంటే ఈ సమాధానం మిగతాది తర్వాత చదవొచ్చు, ముందు బ్యాంకు వాళ్లకి ఫోన్ చేసి ఆ కార్డు బ్లాక్ చేయించండి. కార్డు నంబరు, దాని మీది తేదీ, వెనకాల మూడంకెలు ఇప్పుడు వాళ్ల దగ్గరున్నాయి. కొన్నిసార్లు కట్టించుకునేటప్పుడే ‘ఆటో రెన్యువల్’ టిక్కు కూడా పెట్టేస్తారు. కాబట్టి ఆ కార్డు మీద ఏవైనా ఆటోమేటిక్ చెల్లింపులు నమోదై ఉన్నాయేమో చూసి రద్దు చెయ్యమని బ్యాంకు వాళ్లని విడిగా అడగండి. కొత్త కార్డు ఇస్తే సరిపోతుందనుకుని ఈ సంగతి వదిలెయ్యొద్దు.

తర్వాత 1930కి ఫోన్ చెయ్యండి. దేశమంతటికీ సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు అదే. ఆన్‌లైన్‌లో అయితే సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్. ఫిర్యాదు మొదటి గంటల్లోనే అందితే డబ్బు ఆ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారకముందే ఆపగలిగే వీలు ఎక్కువ. పదిహేను రోజులైంది కాబట్టి ఆ 4,999 తిరిగొస్తుందని ఆశపెట్టను. అయినా ఫిర్యాదు చెయ్యాల్సిందే. ఎందుకంటే 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌లో ఒక మాట ఉంది. ఖాతాదారే వివరాలు చెప్పేసి డబ్బు పోగొట్టుకుంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం ఖాతాదారుది, తెలియజేశాక జరిగేది బ్యాంకుది. అంటే మీరు చెప్పిన తేదీ, మీ దగ్గరున్న ఫిర్యాదు నంబరు రేపు ఇంకేదైనా జరిగితే పనికొస్తాయి. డబ్బు కట్టిన ఎస్సెమ్మెస్, వాళ్లు పంపిన రసీదు మెయిలు, ఫోన్ చేసిన నంబరు, ఆ యాంటీవైరస్ తెర ఫొటో దాచండి. వీటిలో తెర ఫొటో ఒక్కటి ఇప్పుడే తీసుకోవాలి, ప్రోగ్రామ్ తీసేశాక దొరకదు. ఇంకో చిన్న మాట. రాజాం 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది కదా, ఆన్‌లైన్ ఫిర్యాదులో జిల్లా ఎంచుకునేటప్పుడు అలవాటు కొద్దీ శ్రీకాకుళం నొక్కెయ్యకండి.

ఇక మీ మరిది సంగతి. నాకు విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. రోజూ వైరస్‌లు తీసి బతికినవాణ్ణి. అలాంటి నేనే 2009 ప్రాంతంలో ఒక కస్టమర్ కంప్యూటర్‌లో దొంగ యాంటీవైరస్‌ని నా చేత్తో ఇన్‌స్టాల్ చేశాను. పేరు బాగుంది, డాలు బొమ్మ ఉంది, ఆకుపచ్చ టిక్కులు ఉన్నాయి, ఉచితం అన్నాడు. ‘మంచి యాంటీవైరస్ వేశాను మాస్టారూ’ అని చెప్పి రెండొందలు కూడా తీసుకున్నాను. మూడో రోజున ఆయన సీపీయూ చంకలో పెట్టుకుని వచ్చారు. పాపం, తిట్టలేదు. ఆ పూట నేను పడ్డ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది. అందుకని మీ ఆయనతో చెప్పండి, ఇంట్లో తిట్లు పడతాయని తెలిస్తే ఇంకోసారి ఇలాంటిది జరిగినప్పుడు ఆ అబ్బాయి మీకు చెప్పడు. అప్పుడు పోయేది అయిదువేలతో ఆగదు.

అతను పడ్డ వల కూడా చిన్నదేం కాదు. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజున జనంలో ఎవడో ‘జేబులు జాగ్రత్తండోయ్’ అని అరిస్తే, వినగానే అందరూ తమ పర్సున్న జేబు తడుముకుంటారు. ఎవరి డబ్బు ఏ జేబులో ఉందో దొంగకి తెలిసిపోతుంది. సైరన్ మోగించి ‘మీ బ్యాంకు వివరాలు ప్రమాదంలో ఉన్నాయి’ అన్నవాడు సరిగ్గా అదే చేశాడు. మీ మరిది కంగారుగా కార్డు బయటికి తీశాడు.

మీ ఉత్తరం చదివితే అక్కడున్నది ఒక్క జబ్బు కాదనిపిస్తోంది. మూడున్నాయి, మూడింటికీ మందు వేరు.

మూలన వచ్చే చిన్న పెట్టెలు వైరస్‌లు కావు, ఏ యాంటీవైరస్ చెప్పే మాటలూ కావు. అవి బ్రౌజర్ నోటిఫికేషన్లు. ఎప్పుడో ఎవరో ఒక సైటు తెరిచారు. పరీక్ష ఫలితాలకో, కొత్త సినిమా ఉచితంగా చూడడానికో అయ్యుంటుంది. అక్కడ ‘మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి’ అని వచ్చింది. నొక్కారు. ఆ నొక్కుడికి అర్థం ‘మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు నా తెర మీద ఏదైనా చూపించుకోండి’ అని. ఆ సైటు మూసేసినా ఆ అనుమతి అలాగే ఉంటుంది. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, దానిలో సైట్ సెట్టింగ్స్, దానిలో నోటిఫికేషన్స్ తెరిస్తే అనుమతి పొందిన సైట్ల జాబితా కనిపిస్తుంది. ఎప్పుడూ వినని పేర్లు బోలెడు ఉంటాయి. అన్నీ తీసెయ్యండి. మీది పదిమంది కూర్చునే కంప్యూటర్ కాబట్టి, అదే పేజీలో ఏ సైటూ నోటిఫికేషన్ పంపకుండా మొత్తానికే ఆపేసే వీలుంది, అది పెట్టుకోండి. సెంటరు పనికి నోటిఫికేషన్లతో ఏం అవసరం? నెల రోజుల మీ బాధ రెండు నిమిషాల్లో పోతుంది. ఆ రెండు నిమిషాల పని ఎవరూ చెప్పకపోవడం వల్లే ఇంతదూరం వచ్చింది.

రెండోది, ఆ ఎర్రతెర. అది ఒట్టి వెబ్ పేజీ. తెర నిండా పరుచుకుని, మూసే గుర్తు కనిపించకుండా చేసి, సైరన్ రికార్డు వేస్తుంది. అది వచ్చిన క్షణానికి కంప్యూటర్‌లో ఏ నష్టమూ జరగలేదు. ఎస్కేప్ మీటని కాసేపు నొక్కి పట్టుకుంటే తెర మామూలవుతుంది, అప్పుడు ఆ ట్యాబ్ మూసెయ్యొచ్చు. కాకపోతే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. అదీ కాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో బ్రౌజర్‌ని ఎంచుకుని ఎండ్ టాస్క్ కొట్టండి. మళ్లీ బ్రౌజర్ తెరిచినప్పుడు పాత పేజీలు తిరిగి తెరవమంటావా అని అడిగితే వద్దనండి. ఏదీ తోచకపోతే పవర్ బటన్ నొక్కిపట్టి కంప్యూటర్‌ ఆపేసినా ఏమీ కాదు. ‘ఆపొద్దు’ అని రాసేది ఆపితే వాళ్ల ఆట కట్టవుతుంది కనక. విండోస్ ఇచ్చే నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదని మైక్రోసాఫ్టే చెప్పింది. మీ సెంటర్లో మానిటర్ పక్కన ఒక కాగితం అతికించాలనుకుంటే ఈ ఒక్క ముక్క రాయండి.

ఫోన్‌లో వాళ్లు ఏం చూపించి ఉంటారో కూడా చెబుతాను, మీ మరిది విని అవునో కాదో చెప్పొచ్చు. ఈవెంట్ వ్యూయర్ అని ఒకటి తెరిచి వరసగా ఎర్ర గుర్తులు చూపించి ఉంటారు. అది కంప్యూటర్ రాసుకునే డైరీ. ఏదో సర్వీసు ఒక క్షణం ఆలస్యమైనా అందులో ఎర్ర గుర్తు పడుతుంది. నిక్షేపంలాంటి కొత్త కంప్యూటర్‌లోనూ ఉంటాయవి. తర్వాత నల్ల కిటికీ తెరిచి నెట్‌స్టాట్ అని కొట్టి ఉంటారు. అందులో ఒక వరసకి పైన ‘ఫారిన్ అడ్రస్’ అని ఉంటుంది. ‘చూశారా, విదేశీ హ్యాకర్లు మీ కంప్యూటర్‌లో కూర్చున్నారు’ అంటారు. నాకు ఈ ముక్క వింటే కోపం కన్నా నవ్వే ఎక్కువ వస్తుంది. ఫారిన్ అంటే అక్కడ అర్థం తీగకి అవతలి కొస అని. మీరు గూగుల్ తెరిచినా దాని చిరునామా ఆ వరసలోనే పడుతుంది.

మూడోది వాళ్లు వేసిన ప్రోగ్రామ్. అసలు రోగం ఇదీ, ఎనీడెస్కూ. ఎనీడెస్క్ దొంగ సాఫ్ట్‌వేర్ కాదు, దూరం నుంచి కంప్యూటర్ బాగుచేసేవాళ్లు నిజంగా వాడేదే. కానీ అందులో ఒక పాస్‌వర్డ్ పెట్టుకుంటే మీరు ఒప్పుకోకపోయినా, మీరు సెంటర్లో లేకపోయినా లోపలికి రావొచ్చు. కంప్యూటర్ ఆన్‌లో ఉండి, నెట్ ఉంటే చాలు. అందుకే ఈ ఉత్తరం చదవగానే చెయ్యాల్సిన పని నెట్ తీగ పీకెయ్యడం, వైఫై ఆపెయ్యడం. ఆ తర్వాతే మిగతావి.

అది నిజమైన యాంటీవైరస్సే అయితే అన్న అనుమానం మీకు ఇంకా ఉండొచ్చు. డబ్బు పోసిన వస్తువు కదా. చూసుకోవడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. నిజమైన యాంటీవైరస్‌కి మొత్తం డిస్కు వెతకడానికి గంటలు పడుతుంది. ఇది నిమిషంలో మూడొందలు లెక్కపెట్టేస్తుంది. నిజమైనది ఏ ఫైలు, ఏ ఫోల్డర్‌లో, ఏ పేరు గల వైరస్ అని చెబుతుంది. ఆ ఫైలు వెతికితే అక్కడ ఉంటుంది. దొంగది చూపించిన చోటికి వెళ్తే చాలాసార్లు ఆ ఫైలే ఉండదు, లేకపోతే సైట్లు బ్రౌజర్‌లో దాచుకునే చిన్న చీటీల్లాంటి కుకీలని పట్టుకొచ్చి వైరస్‌లంటుంది. నిజమైనది వైరస్ దొరికితే ముందు దాన్ని బంధించి తర్వాత మీకు చెబుతుంది. కనిపెట్టడం ఉచితం, తీయడానికి డబ్బు అన్నచోట అనుమానపడాలి. విండోస్ సెక్యూరిటీ తెరిచి కింద సెట్టింగ్స్‌లో ‘మేనేజ్ ప్రొవైడర్స్’ చూస్తే విండోస్ దేన్ని యాంటీవైరస్‌గా గుర్తిస్తోందో ఉంటుంది. వాళ్లు వేసింది ఆ జాబితాలో లేకపోతే ఇక చర్చ అక్కర్లేదు. ఉన్నంత మాత్రాన మంచిదని కాదు కానీ.

మా షాపులో రెండు తమాషాలు జరిగాయి. ఒక కంప్యూటర్‌లో విండోస్ కాకుండా ఉబుంటు వేసి ఉంచాం. దాంట్లో ఏదో సైటు తెరిస్తే ‘మీ సీ డ్రైవ్ స్కాన్ అవుతోంది’ అని అచ్చం విండోస్ ఎక్స్‌పీలాంటి కిటికీ వచ్చి చకచకా వైరస్‌లు లెక్కపెట్టింది. ఉబుంటులో సీ డ్రైవ్ అన్నదే లేదు! అంటే అది స్కానే కాదు, కదిలే బొమ్మ. ఇంకోటి, యాంటీవైరస్‌లని పరీక్షించడానికి ఐకార్ ఫైలు అని ఒకటుంది. 68 అక్షరాలుంటుంది, హాని లేదు, కానీ అసలైన యాంటీవైరస్‌లన్నీ దాన్ని పట్టుకోవాలని ఒప్పందం. ఒక కస్టమర్ కంప్యూటర్‌లో నాలుగొందల వైరస్‌లున్నాయంటున్న ప్రోగ్రామ్ ముందు ఆ ఫైలు పెట్టాం. దాని పక్కనే కూర్చుని కూడా కనిపెట్టలేకపోయింది.

ఈ వ్యాపారం కొత్తదేం కాదు. ‘విన్‌ఫిక్సర్’, ‘ఎక్స్‌పీ యాంటీవైరస్’ లాంటి దొంగ ప్రోగ్రాములు అమ్మిన ముఠా మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008 డిసెంబరులో కేసు వేస్తే, 2012లో అక్కడి కోర్టు 16.3 కోట్ల డాలర్లు కట్టమంది. ఆపిల్ వాళ్ల మ్యాక్ కంప్యూటర్లకు వైరస్ రాదనుకునేవాళ్లని 2011లో ‘మ్యాక్ డిఫెండర్’ పట్టుకుంది. అప్పుడు ప్రోగ్రామే మోసం చేసేది, ఇప్పుడు ఫోన్‌లో మనిషి చేస్తున్నాడు. ఆ మనుషులు చాలామంది మన దేశంలోని కాల్ సెంటర్లలోనే ఉన్నారు. 2023 అక్టోబరులో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర-2’ అని 76 చోట్ల సోదాలు చేసింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదుల మీద పెట్టిన కేసులు కూడా అందులో ఉన్నాయి.

ఇక తియ్యడం. నెట్ తీసేసే ఉంచి, ముందు మీ ఫైళ్లు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోండి. డాక్యుమెంట్లు, ఫొటోలు, పీడీఎఫ్‌లు, ఎక్సెల్ షీట్లు మాత్రమే. ఈఎక్స్‌ఈ ఫైళ్లు, సెటప్‌లు, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన సాఫ్ట్‌వేర్లు ఒక్కటీ వద్దు. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్, దాంట్లో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి తేదీ వారీగా పేర్చండి. మీ మరిది ఫోన్ చేసిన రోజున వచ్చినవన్నీ ఒకచోట కనిపిస్తాయి. యాంటీవైరస్ ఒక్కటే ఉంటుందనుకోకండి. పక్కన ‘పీసీ క్లీనర్’, ‘డ్రైవర్ అప్‌డేటర్’ లాంటి చుట్టాలు కూడా దిగి ఉంటాయి. ముందు ఎనీడెస్క్, తర్వాత మిగతావి అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. తీసేటప్పుడు ‘సగం ధరకే ఇస్తాం, ఉండనివ్వండి’ అని బతిమాలితే ఆశ్చర్యపోకండి, కొన్ని అలా బతిమాలుతాయి.

తియ్యనివ్వకుండా మొరాయిస్తే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి. షిఫ్ట్ మీట పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే నీలం తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి రీస్టార్ట్ చేసి, జాబితా వచ్చాక 4 నొక్కండి. ఆ మోడ్‌లో అవసరమైనవి తప్ప ఏ ప్రోగ్రాములూ లేవవు కనక దొంగది నిద్రలో ఉండగా తీసెయ్యొచ్చు. ఒక్క జాగ్రత్త. కొత్త కంప్యూటర్లలో డిస్కుకి బిట్‌లాకర్ తాళం ముందే వేసి ఉంటోంది, సేఫ్ మోడ్‌కి వెళ్లబోతే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి అది ముందే రాసుకుని పెట్టుకోండి. ఈ కీ లేక ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

ప్రోగ్రామ్ పోయాక విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్ మామూలుగా తనంతట తానే లేస్తుంది. వేరే యాంటీవైరస్ ఉందని చెబితే అది పక్కకి తప్పుకుంటుంది, అందుకే మీకు ఇన్నాళ్లూ పనిచేసి ఉండకపోవచ్చు. లేవకుండా ‘మీ సంస్థ దీన్ని నియంత్రిస్తోంది’ లాంటి వాక్యం చూపిస్తే, సొంత కంప్యూటర్‌లో ఆ మాట రాకూడదు, ఎవరో సెట్టింగ్ మార్చారని అర్థం. డిఫెండర్ లేచాక నెట్ పెట్టి అప్‌డేట్ చేసి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్లి ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్టయి, విండోస్ లేవకముందే వెతుకుతుంది. పావుగంట పని. దాని తర్వాత రెండో అభిప్రాయంగా మాల్‌వేర్‌బైట్స్ అనే ప్రోగ్రామ్ ఉచిత కాపీతో ఒకసారి చూడొచ్చు. ప్రభుత్వం 2017లో పెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్లో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి. ఏది తీసుకున్నా ఆ సంస్థ సొంత సైటు నుంచే తీసుకోండి. గూగుల్లో వెతికితే పైన వచ్చే ప్రకటన నొక్కి ఇంకో దొంగని తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

ఇంట్లో సినిమాలు చూసుకునే కంప్యూటర్ అయితే ఇక్కడితో సరి అనేవాణ్ణి. మీదానికి అలా అనను. ముక్కూమొహం తెలియనివాడు గంటసేపు లోపల కూర్చున్నాడు. తెర మీద చూపించింది ఒకటి, వెనకాల చేసింది ఇంకొకటి అయ్యుండొచ్చు. ఏం చేశాడో మీకూ తెలియదు, నాకూ తెలియదు. మీ కంప్యూటర్ మీద రాజాం చుట్టుపక్కల ఊళ్లవాళ్ల ఆధార్‌లు, బ్యాంకు పాస్‌బుక్కులు నడుస్తున్నాయి. కాబట్టి ఫైళ్లు దాచుకున్నాక ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేయించండి. వేరే మంచి కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచి పెన్‌డ్రైవ్ తయారు చేసి దాంతో వెయ్యాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, ఎటూ కొత్తగా వేస్తున్నారు కనక కంప్యూటర్ మోయగలిగితే 11 వేయించుకోండి.

ఇక్కడ మిమ్మల్ని ఒక ఇబ్బందికరమైన ప్రశ్న అడగాలి. పాస్‌పోర్టు ఫొటోలు చేసే ఫొటోషాప్, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నవేనా, దొంగ కాపీలా? మన దగ్గర సెంటర్లన్నిట్లో ఏముంటాయో నాకు తెలుసు, నేనూ వేసినవాణ్ణే. ఆ దొంగ కాపీ వేసేటప్పుడు మొదటి మెట్టే ‘యాంటీవైరస్ ఆపెయ్యండి’ అని ఉంటుంది. మనమే కుక్కని కట్టేసి తలుపు తీస్తున్నాం. విండోస్‌ని ఉచితంగా యాక్టివేట్ చేసే ప్రోగ్రాములదీ అదే వరస. ఫొటో కత్తిరించి ఎనిమిది కాపీలు పేర్చడానికి ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలు, తెలుగు కీబోర్డు విండోస్‌లోనే ఉంది. కొత్తగా వేయించాక పాత దొంగ కాపీని మళ్లీ ఎక్కిస్తే ఈ శ్రమంతా వృథా.

మరి మనుషుల కాగితాలు. మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూడండి. వాట్సాప్‌లో జనం పంపిన ఆధార్‌లు, పాన్‌లు నెలల తరబడి అందులోనే పడి ఉంటాయి. చాలా సెంటర్లలో చూశాను, ఎవరూ తియ్యరు. 4,999 కంటే నాకు దీని గురించే ఎక్కువ భయం. అవి వాళ్లు కాపీ చేసుకున్నారని చెప్పలేను, చేసుకోలేదని అంతకంటే చెప్పలేను. పోలీసు ఫిర్యాదులో ఈ సంగతి కూడా రాయించండి. ఎవరి పాస్‌బుక్, ఆధార్ రెండూ ఆ ఫోల్డర్‌లో ఉన్నాయో వాళ్లకి మీరే ఫోన్ చేసి చెప్పండి. బ్యాంకు వాళ్లమంటూ ఎవరైనా ఫోన్ చేస్తే ఓటీపీ చెప్పొద్దనండి, కావాలంటే ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ యాప్‌లో ఆధార్ వేలిముద్రలకి తాళం వేసుకోవచ్చని చెప్పండి. కష్టమైన ఫోన్లే. నలుగురు కస్టమర్లు పోతారేమో కూడా. తర్వాత ఏదైనా జరిగి, మీకు ముందే తెలుసని బయటపడితే మాత్రం నలుగురితో ఆగదు. ఇకమీదట ఏ రోజు కాగితాలు ఆ రోజు సాయంత్రం షట్టర్ దించేముందు తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యండి.

పాస్‌వర్డ్‌లు మార్చేది ఆ కంప్యూటర్‌లో కాదు, మీ ఫోన్‌లో. ముందు మెయిలు, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే తిరిగి తెరుచుకుంటాయి. తర్వాత బ్యాంకు, తర్వాత మీ సర్వీసుల లాగిన్‌లు. క్రోమ్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు ఏవైతే ఉన్నాయో అవన్నీ బయటపడ్డాయనే అనుకోండి. గూగుల్ ఖాతాలో ‘మీ పరికరాలు’ అన్నచోట తెలియనివి ఉంటే సైనవుట్ చెయ్యండి.

కొత్తగా వేశాక యాంటీవైరస్ కొనాలా అంటారేమో. విండోస్‌తో వచ్చే డిఫెండర్ మీకు చాలని నా అభిప్రాయం. కొనాలనిపిస్తే చెన్నై కంపెనీ కే7, పుణే కంపెనీ క్విక్ హీల్ లాంటివి తెలిసిన దుకాణంలోనో వాళ్ల సైట్లోనో కొనుక్కోండి, తెర మీద వచ్చినవాడి దగ్గర కాదు. దానికంటే ముఖ్యం, రోజూ పనిచేసే ఖాతా అడ్మినిస్ట్రేటర్ ఖాతా కాకుండా మామూలుది పెట్టుకోండి. అప్పుడు ఏదైనా ఇన్‌స్టాల్ కావాలంటే మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు భోజనానికి ఇంటికెళ్తే, ఫోన్‌లో ఎవడెంత హడావుడి చేసినా మీ మరిది ‘వదిన వచ్చేదాకా ఆగండి’ అనక తప్పదు.

ఈ పనంతా మీరే చెయ్యలేకపోతే తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి, విజయనగరమైనా సరే, మీ రాజాంలోనైనా సరే. సీపీయూ ఒక్కటి చాలు, మానిటర్ మొయ్యక్కర్లేదు. కానీ వేలిముద్రల మిషన్, ప్రింటర్ మోడల్ నంబరు రాసిన చీటీ వెంట పెట్టుకోండి. ఫార్మాట్ అయ్యాక వాటి డ్రైవర్లు, ఆధార్ పనికి మిషన్‌ని నడిపించే ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామ్ మళ్లీ వెయ్యాలి. అవి వేశారో లేదో అక్కడే మీ వేలు పెట్టి చూసుకుని రండి.